ఖల్ఫాన్ డ్రోన్, సువైలిం కాఫీ

"ఇసుకకి బీమా లేదంట తమ్ముడూ," అన్నాడు ఖల్ఫాన్, నేనింకా గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుండగానే. "గాలికుంది. గాలి మోసుకొచ్చే ఇసుకకి లేదు. మన బిదియాలో గాలి ఒట్టి చేతుల్తో ఎప్పుడొచ్చిందమ్మా అని ఆ పిల్లని అడిగాను. నవ్వింది. పైవాళ్ళకి చెప్తానంది."

"ఏ పిల్ల?"

"బీమా పిల్ల. బద్రియా. మస్కట్ నుంచి ఫోన్ చేస్తూ ఉంటుంది. మనిషి మంచిదే, పాపం. దాని చేతుల్లో ఏమీ లేదు. కూర్చో. ఆ దిండు ఇటివ్వు, నా మోకాలికి కావాలి."

దిండు ఇచ్చి, చాపమీద అతనికి ఎదురుగా కూర్చున్నాను. ఖర్జూరాలూ కాఫీ ఫ్లాస్కూ మామూలుగానే మధ్యలో ఉన్నాయి. ఫ్లాస్కు పక్కన పాత హల్వా డబ్బా ఒకటి ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు. తలకి చుట్టుకునే వెలిసిపోయిన గుడ్డలో, రెక్కలు విరిగిన చిన్న డ్రోన్. పోయిన చలికాలంలో పడిపోయింది. బాగుపడేది కాదని తెలిసినా దాన్ని పారెయ్యలేదతను. ఎవరైనా వస్తే డబ్బా ముందుకి జరుపుతాడు, మూత మాత్రం తియ్యడు.

డబ్బాకి అటువైపు, కొత్త డ్రోన్. దాన్ని కొని వారం అయింది. ఒక్కసారి కూడా మైదానం మీద ఎగరలేదు.

నేను ఇబ్రాలో ఫొటోలు అచ్చువేసే కొట్టు నడుపుతాను. ఖల్ఫాన్ తీసిన బొమ్మలన్నీ నా దగ్గరే కాగితం మీదికి ఎక్కుతాయి. ఆ రోజు కూడా ఒక కవరు పట్టుకుని వచ్చాను. అతను కవరు విప్పలేదు. పక్కన పెట్టి, కొత్త డ్రోన్ వైపు చూస్తూ, "గురువారం లోపల బీమా చూపించాలి," అన్నాడు. "లేకపోతే పరుగుల మైదానం మీద ఎగరనివ్వరు. మైదానం లేకపోతే చలికాలం లేదు. చలికాలం లేకపోతే ఇంక నాకేముంది? మా బావమరిది టైర్ల కొట్లో కుర్చీ వేసి ఉంచాడు. రోజూ తుడుస్తున్నాడంట, నాకోసం."

ఆ మాట మామూలుగానే అన్నాడు. మనిషి అలిసిపోయాడని ఆ మామూలుతనం వల్లే నాకు తెలిసింది. ఖల్ఫాన్ టైర్ల మాట ఎత్తితే ఇదివరకు తిట్టు లేకుండా ఆగేవాడు కాదు.

అతను ఫొటోలు తియ్యడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వయసులో ఉన్నప్పుడు ఒంటెల శిబిరాలకి నీళ్ళ ట్యాంకరు తోలేవాడు. ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక స్కూలు మాస్టారు తన కెమెరాని ఇతనికి అమ్మి వెళ్ళాడు. నీళ్ళు దింపే సేపు ట్యాంకరు పైకెక్కి, అక్కడ నుంచి ఒంటెల పరుగుల్ని ఫొటోలు తీసేవాడు. "కింద నుంచి చూస్తే ఒంటెకి నాలుగు కాళ్ళు," అనేవాడు నాతో. "పైనుంచి చూస్తే, ఎండ వాలినప్పుడు, నీడతో కలిపి ఎనిమిది. అవి ఒకదానికొకటి అందకుండా పరుగెడతాయి. అది చూశాక కిందకి దిగబుద్ధి కాదు."

దిగబుద్ధి కాకపోయినా ఒకసారి పడ్డాడు. తడిసిన ట్యాంకరు మీద కాలు జారింది. ఆ మోకాలు మళ్ళీ సరిగ్గా మడత పడలేదు. ట్యాంకరూ పోయింది, ఇసుక తిన్నెలెక్కడమూ పోయింది. రెండేళ్ళు పెళ్ళిళ్ళలో కుర్చీలో కూర్చుని ఫొటోలు తీశాడు. ఆ కాలంలో అతను నా కొట్టుకి తెచ్చిన ఫొటోల్లో అందరి గడ్డాలూ కింద నుంచి కనిపించేవి. తరవాత డ్రోన్లు వచ్చాయి. మొదటిసారి తన డ్రోన్ పైకి లేచి, చేతిలోని తెర మీద బిదియా తోటలన్నీ కనిపించినప్పుడు, అతను ఇసుకలో అలాగే కూర్చుండిపోయాడని అతని భార్య జువైనా చెప్పింది. బ్యాటరీ అయిపోయేదాకా ఒక్క ఫొటో కూడా తియ్యలేదంట.

ఇప్పుడు బిదియాలో ఒంటె ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా, మగవాళ్ళు కూర్చునే గదిలో ఖల్ఫాన్ తీసిన ఫొటో ఉంటుంది. డ్రోన్ లేపే ముందు దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుని, దాని కెమెరా అద్దంలోకి చూస్తూ, మాషా అల్లా అంటాడు. ఒంటెకి దిష్టి తగలకుండా. "చూసేది ఇది," అంటాడు. "దీనికి నోరు లేదు. దీని బదులు నేను అనాలి కదా."

పోయిన చలికాలం జరిగింది నేను చూడలేదు. విన్నాను, చాలాసార్లు. ఊళ్ళో ఒంటెల పరుగులున్న రోజు. ఇక్కడి పరుగు గెలుపోటములది కాదు. రెండు ఒంటెలు పక్కపక్కనే, మెడలు కలిసినట్టు దౌడు తీస్తాయి. వాటి మీద ఇద్దరూ నిలబడి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. సువైలిం అనే ఆయన ఒంటె సమ్హా ఆ రోజు అందరికన్నా ముందు బయల్దేరింది. ఖల్ఫాన్ డ్రోన్ కిందికి, బాగా కిందికి దించాడు. గాలి తిరిగింది. గుప్పెడు ఇసుకంత బరువు లేని డ్రోన్, కాగితంలా తిరగబడి, సమ్హా తల ముందు పడింది. ఒంటె బెదిరి పక్కకి దూకి కంచెలోకి పోయింది. మీదున్నవాడు ముందే దూకేశాడు, అతనికేమీ కాలేదు. కంచె తీగ సమ్హా భుజం చీల్చేసింది.

ఖల్ఫాన్ అప్పటికి డ్రోన్ తీసుకోలేదు. ఇసుకలో పడున్నదాన్ని దాటుకుంటూ పోయాడు. ఇలాంటి పనికి ఒక్కడే వెళ్ళకూడదు కనక, పొరుగింటి పెద్దాయన జహ్రాన్‌ని వెంటబెట్టుకుని, నేరుగా సువైలిం గుడారానికి వెళ్ళాడు. గుడారం వెనక ఒంటె భుజం కడుగుతున్నారు. అది చేస్తున్న చప్పుడు లోపలికి వినిపిస్తోంది. కాఫీ వచ్చింది. ఖల్ఫాన్ కప్పు అందుకుని, ఏదైనా అడగడానికి వచ్చినవాళ్ళు చేసినట్టే, తాగకుండా చాపమీద పెట్టాడు.

"నాకో పని ఉంది సువైలిం."

"చెప్పు."

"తప్పు నాది. నీ ఒంటెకి తగిలిన దెబ్బ నా చేతుల్లోంచి వచ్చింది. నువ్వేమంటే అది."

సువైలిం ఆ కప్పుని అతని వైపు జరిపాడట. "కాఫీ తాగు ఖల్ఫాన్," అన్నాడట. "చల్లారితే బాగోదు."

ఖల్ఫాన్ తాగాడు. అక్కడికి అయిపోయింది. ఇక్కడ అంతే. తాగమంటే అడిగింది ఒప్పుకున్నట్టే. కప్పు ఖాళీ అయ్యాక ఆ విషయం ఇంకెవరూ ఎత్తరు, ఎత్తితే ఇద్దరికీ అవమానం.

కానీ డ్రోన్‌కి బీమా ఉంది. ఆ సంగతి అతనికి మర్నాటికి గాని గుర్తు రాలేదు. ఫోన్ చేశాడు. అప్పుడు పరిచయమైంది బద్రియా.

"అన్నీ చెప్పాడు," అంది జువైనా, లోపలి నుంచి వేడి రొట్టెలు తెచ్చి చాపమీద పెడుతూ. తన మొగుడి కథ అతని ఎదురుగానే నాకు చెప్పడం ఆమెకి అలవాటు. "గాలి చెప్పాడు, కంచె చెప్పాడు, జహ్రాన్ మావయ్యని వెంటబెట్టుకుని వెళ్ళింది చెప్పాడు. తప్పు నాదని సువైలింకి చెప్పేశాను, నువ్వేం కంగారు పడకు తల్లీ అని ఆ పిల్లకి ధైర్యం కూడా చెప్పాడు."

"అది కంగారు పడింది మరి," అన్నాడు ఖల్ఫాన్.

"పడదా? మాకు చెప్పకముందే ఒప్పేసుకున్నారా అంది. ఈయనేమన్నాడో తెలుసా? నువ్వక్కడ లేవు కదమ్మా, ఒంటె అక్కడుంది అన్నాడు."

"అబద్ధమా?"

"అబద్ధమని ఎవరన్నారు? రొట్టె తిను."

తమని అడగకుండా తప్పు ఒప్పుకుంటే బీమా వర్తించదని ఆ కంపెనీ చెప్పేసింది. ఇతని డ్రోన్‌కి ఏమీ రాలేదు. దాని గురించి ఖల్ఫాన్ పెద్దగా బాధపడలేదు. అతన్ని తినేస్తున్నది వేరు. నోరు మూసుకుని ఉంటే, సమ్హా వైద్యానికయ్యే ఖర్చు మొత్తం బీమా నుంచి సువైలింకి అందేది. పరుగు ఒంటెలని చూసే వైద్యుడు దూరాన్నుంచి రావాలి. సువైలిం ఒకసారి రప్పించాడు, రెండోసారి రప్పించలేకపోయాడు. భుజం మానింది గాని, అడుగు కొంచెం పక్కకి పడుతోంది. ఇంక జోడీలో పరుగెత్తదు.

"నేను వెళ్ళి చెప్పాను అతనికి, ఇలా జరిగిందని," అన్నాడు ఖల్ఫాన్. "తాగమన్నాను, తాగావు, మళ్ళీ ఈ లెక్కలేంటి అన్నాడు. కోప్పడ్డాడు కూడా. నిజం చెప్పడానికి వెళ్ళి అతని నోటి దగ్గరిది తీసేశాను తమ్ముడూ. ఆయనేమో నాకు కాఫీ పోశాడు."

జువైనా లేచి లోపలికి వెళ్ళబోతూ ఆగింది. "ఇంకోటుంది, అది ఈయన చెప్పడు. అంత కిందికి దించమన్నదెవరు?"

"జువైనా."

"సువైలిమే. మా సమ్హా కళ్ళు కనిపించాలి ఖల్ఫాన్, కనురెప్పలు కూడా కనిపించాలి అని పొద్దున్నుంచీ వెంటపడ్డాడు. అంత కిందికి ఎందుకు దించారు అని ఆ పిల్ల అడిగితే ఈయన చెప్పలేదు. ఒక్క మాట."

"ఆయన ఎక్కడో దూరంగా నిలబడి అడిగాడు. దించింది నా వేలు," అన్నాడు ఖల్ఫాన్, విసుగ్గా కూడా కాదు. ఎన్నోసార్లు జరిగిపోయిన వాదన అది. ఇద్దరికీ ఆఖరి మాట తెలుసు కనక అక్కడే ఆపేశారు.

కొత్త డ్రోన్ కథ మాత్రం అతనే చెప్పాడు, కొంచెం ఊపిరి పీల్చుకుని. మస్కట్ కొట్టువాడు మూడు రకాలు పెట్టాడు. జేబులో పట్టేది ఒకటి, పాతదానికి చెల్లెలు లాంటిది. గాలికి ఆగదు. వద్దన్నాడు. ఇంకోటి పెద్దది. గాలికి కదలదు గాని, తేనెటీగల తుట్టె లేచినట్టు రొద. మధ్యది ఒకటి. దానికి దూరపు కన్ను ఉంది. పైనే ఉండి, దగ్గరిగా ఉన్నట్టు తియ్యగలదు. కొట్టువాడు తెర మీద నగరంలోని పెద్ద పెద్ద భవనాలు చూపించాడు. కిటికీలు లెక్కపెట్టుకోవచ్చన్నాడు.

"కిటికీలు నాకెందుకు? దీనికి చెవులు తిరుగుతాయా అన్నాను. వాడికి అర్థం కాలేదు. పాపం, పట్నంలో పుట్టినవాడు. డ్రోన్‌కి చెవులుండవు మావా అన్నాడు."

అందుకని ఆ రెండూ ఊరికి పట్టుకెళ్ళి చూసి, నచ్చనిది తిరిగిస్తానని ఒప్పించాడు. ఇంటి వెనక వాళ్ళ ముసలి ఆడ ఒంటె ఉంది, ఎవరి మీదా నమ్మకం లేనిది. దాని మీదుగా ముందు పెద్దది ఎగరేశాడు. ఎంత పైకి తీసుకెళ్ళినా ఒంటె చెవులు బెదురుతో వెనక్కి తిరుగుతూనే ఉన్నాయి. తరవాత మధ్యది. కాస్త పైకి వెళ్ళగానే చెవులు ముందుకి వచ్చాయి. ఇంకొంచెం పైకి వెళ్ళేసరికి అది నెమరు వెయ్యడం మొదలుపెట్టింది. "నెమరేసింది తమ్ముడూ. అక్కడ ఆపి కన్ను దగ్గరికి లాగాను. కనురెప్పలు కనిపించాయి. ఒక్కో వెంట్రుకా."

 సువైలిం ఆ రోజు అడిగింది కూడా అదే. 

అప్పుడే ఫోన్ మోగింది. చాపమీదే పెట్టి, మాకు కూడా వినపడేలా నొక్కాడు.

"ఖల్ఫాన్ బాబాయ్, కొత్త బీమా కాగితం మీద సంతకం పెట్టారా?" బద్రియా గొంతు చిన్నపిల్ల గొంతులా లేదు. రోజంతా మాట్లాడి బరువెక్కిన గొంతు.

"చదివించుకున్నాను తల్లీ. ఆ మాట ఇంకా ఉంది."

"అదెప్పుడూ ఉంటుంది బాబాయ్. ఏ కంపెనీకి పోయినా ఉంటుంది. మా అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు. అంతే కదా."

"అంతేనా."

"వెళ్ళొద్దనట్లేదు. వెళ్ళండి. పలకరించండి. ఒంటె ఎలా ఉందో అడగండి. కాఫీ తాగండి. తప్పు నాది అని మాత్రం అనకండి. మిగతాది మేం చూసుకుంటాం."

"మరి కప్పు కింద పెట్టి ఏమనాలి?"

"ఏమీ అనకండి."

"ఏమీ అనకుండా కప్పు కింద పెడితే పిల్లనడగడానికి వచ్చాననుకుంటాడు."

"ఇచ్చినా ఇస్తాడు," అంది జువైనా గుమ్మంలోంచి. "ఆ ఇంట్లో ఆడపిల్లలకి తక్కువా? ఈయన్ని ఎవరైనా తీసుకెళ్తానంటే నా చాప ఖాళీ అవుతుంది."

ఫోన్‌లో చిన్న నవ్వు వినపడింది, వెంటనే ఆగిపోయింది. "పిన్నీ, మీరూ ఉన్నారా? సరే, అసలు కప్పు కింద పెట్టకండి బాబాయ్. తాగేసి, ఊపి, ఇచ్చేసి రండి."

"ఒంటెకి దెబ్బ తగిలించి, వాళ్ళింటికి పోయి, కాఫీ తాగి, చాలన్నట్టు కప్పు ఊపి వచ్చెయ్యనా?" ఖల్ఫాన్ గొంతు పెంచలేదు. "మీ నాన్న చేస్తాడా అలా?"

ఫోన్‌లో ఎవరో వెనక కుర్చీ జరుపుకున్న చప్పుడు.

"మా నాన్న లారీ తోలుతాడు," అంది బద్రియా. "పోయినేడు ఒకళ్ళ మేకని గుద్దాడు. కూతురు బీమాలో పని చేస్తోందని తెలుసు. ఎన్నిసార్లు చెప్పానో. అయినా ముందు వాళ్ళింటికే వెళ్ళాడు."

"చూశావా."

"చూశాను బాబాయ్. నేనేం చెయ్యను? ఆ రూలు నేను పెట్టింది కాదు. సంతకం పెట్టకపోతే గురువారానికి మీకు కాగితం రాదు. పెట్టి, మళ్ళీ అలాగే చేస్తే, మళ్ళీ ఏమీ రాదు. ఇంకో సువైలింకి కూడా రాదు. అది ఆలోచించండి."

అదే అతను ఆలోచిస్తున్నది. చెంపకి చెయ్యి ఆనించుకుని హల్వా డబ్బా మూత మీద వేలితో గీస్తున్నాడు. సంతకం పెట్టేసి నోరు మూసుకుంటే దెబ్బ తిన్నవాడికి న్యాయం జరుగుతుంది, కానీ తను ఆ ఊళ్ళో తలెత్తుకోలేడు. నోరు విప్పితే తలెత్తుకుంటాడు, అవతలివాడు నష్టపోతాడు. ఎగరకపోతే ఈ రెండూ లేవు, టైర్ల కొట్టు ఉంది.

"ఆ మాట మళ్ళీ చెప్పు తల్లీ," అన్నాడు, వేలు ఆపి. "నెమ్మదిగా."

"మా అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు."

"అయితే అనుమతి ఇవ్వండి."

"అది జరిగాక అడగాలి బాబాయ్. ఫోన్ చేస్తే మేం చూసి..."

"జరిగాక ఒంటె నెత్తురు కారుస్తూ ఉంటుంది, నేను ఫోన్ పట్టుకుని నిలబడలేను. ముందే ఇచ్చెయ్యండి. రేపెప్పుడో, ఎవరి ఒంటెకో, అల్లా ఆ రోజు రానివ్వకూడదు, వస్తే, ఖల్ఫాన్ వెళ్ళి కప్పు కింద పెట్టి తప్పు నాది అంటాడు, అందుకు మాకు అభ్యంతరం లేదు అని రాసివ్వండి. కావాలంటే ఇంకొంచెం ఎక్కువ తీసుకోండి. ఇసుకకి ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇది ఇవ్వండి."

"ఇలా ఎవరూ అడగలేదు ఇంతవరకు."

"నేను అడుగుతున్నాను కదా."

బద్రియా నిట్టూర్చింది. కాదనలేదు. "నాకా అధికారం లేదు. మా మేనేజరుకుంది. ఫోన్‌లో అయితే వినడు, కాదనేస్తాడు. ఎదురుగా మనిషి కూర్చుంటే కాదనడం ఆయనకి చేతకాదు, మాకు తెలుసు. మస్కట్‌లో మా రువీ ఆఫీసుకి రండి. నేను చెప్పానని చెప్పకండి."

ఫోన్ పెట్టేశాక ఖల్ఫాన్ నా కప్పు నింపాడు. నేను తెచ్చిన కవరు అప్పుడు విప్పాడు. పై ఫొటో సమ్హాది, డ్రోన్ పడకముందు తీసినది. ఎనిమిది కాళ్ళూ గాల్లో ఉన్నాయి. దాన్ని తిరగేసి చాపమీద పెట్టాడు.

"నువ్వు రేపు మస్కట్ పోతున్నావు కదా, కొట్టుకి ఫొటో కాగితం కోసం."

"పోతున్నాను."

"నేను రాను. డ్రోన్ కోసం పోయొచ్చిన దగ్గర్నుంచీ ఈ కాలు లాగేస్తోంది, మళ్ళీ అంత దూరం కూర్చోలేను, అదొకటి. ఇంకోటి, నేనొస్తే ఆ మేనేజరు పోయినసారి ఏం జరిగిందని అడుగుతాడు. తప్పు నాదే అని మళ్ళీ చెప్పేస్తాను. నాకు తెలుసు నా సంగతి."

"ఆయనకీ తెలిసిపోతుంది," అంది జువైనా.

"నా గుర్తింపు కార్డు కాపీ పట్టుకెళ్ళు. ఆయన ఎదురుగా కూర్చో. వాళ్ళు నీకు కాఫీ ఇస్తారు. ఎంత పెద్ద ఆఫీసైనా ఇస్తారు. తీసుకో. తాగకు. ఆయన బల్ల మీద పెట్టి, నాకో పని ఉంది అను."

"కాగితం కప్పులో ఇస్తే?"

"ఇచ్చినా అంతే. సరే, తాగు అని ఆయన నోటితో అనేదాకా దాన్ని ముట్టుకోకు తమ్ముడూ. చల్లారిపోతే చల్లారిపోనీ."